తాపీగా ఒక రోజు

మా పిన్ని కొడుకు సింగపూర్‌లో ఉంటాడు. అందుకని బ్యాంకాక్ వాడికి పెరడు కింద లెక్క. ఆఫీసు పనిమీద వచ్చానురా, మీటింగులు ఒకరోజు ముందే అయిపోయాయి అని చెప్పడమే నా తప్పు. "అక్కా, టూరిస్టులా తిరక్కు, ఆ ఊరి మనిషిలా తిరుగు" అంటూ పది నిమిషాల్లో ఓ పట్టిక పంపాడు. అందులో పదిన్నరకి ఎదురుగా "సేన్‌సేప్ కాలవలో తాపీగా పడవ ప్రయాణం" అని ఉంది. ఆ 'తాపీగా' అన్నమాట గుర్తుపెట్టుకోండి. నేనైతే ఈ జన్మకి మర్చిపోను.

తెల్ల లక్నో కుర్తా వేసుకుని అశోక్ రేవుకి వెళ్ళాను. పేరు వినగానే మనవాళ్ళ రేవే అనిపించింది. పడవ వచ్చింది. ఆగలేదు, ఆగినట్టు నటించింది. జనం దూకుతున్నారు, నేనూ దూకాను. చూస్తే అంచు పక్క సీటు ఖాళీ. గాలి తగిలే సీటు, కిటికీ పక్క సీటు, రోజూ తిరిగేవాళ్ళంతా వదిలేసి మధ్యలో ఇరుక్కుని కూర్చున్నారు. బుద్ధి ఉన్నదానికి అక్కడే అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది.

ఆ పడవకి రెండు పక్కలా పొడుగునా పట్టా కట్టి ఉంటుంది. దాన్ని పైకి లేపడానికి గిలకలు, తాళ్ళు. అందులో ఒక తాడు సరిగ్గా నా ముక్కు ముందు ఊగుతోంది.

ఇక్కడ నా బాల్యం గురించి కొంచెం చెప్పాలి. అప్పట్లో ఆర్టీసీ బస్సుల్లో టాపు కింద ఈ చివర్నించి ఆ చివరికి గంట తాడు ఉండేది. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే రైట్ రైట్. ఏడేళ్ళ వయసులో సీటెక్కి నేను ఒక్కసారి లాగాను. పొలాల మధ్య బస్సు ఆగింది. ఆరోజు కండక్టరు మా నాన్నని తిట్టిన తిట్లు బస్సులో అందరూ విన్నారు, నాన్న ఇంటికొచ్చాక నాకు మళ్ళీ వినిపించారు. అప్పటినుంచి ఏ బండిలోనైనా వేలాడే తాడంటే నాకు పరాయి సొత్తు. ముట్టుకోను.

ఎదురుగా ఇంకో పడవ దూసుకొస్తోంది. పడవలో వాళ్ళంతా నావైపు తిరిగి "దుంగ్! దుంగ్!" అని అరవడం మొదలుపెట్టారు. థాయి భాషలో లాగమని అర్థమట. ఆ ముక్క సాయంత్రం హోటల్లో తెలిసింది. అప్పటికి మాత్రం దుంగలా కూర్చున్నానని వీళ్ళకి తెలుగులో ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను. కొందరు తాడు చూపించారు. నేను వినయంగా తల అడ్డంగా ఊపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అబ్బే, నేను లాగను" అన్నట్టు నవ్వాను.

కాలవ లేచి వచ్చింది.

ఆ రేవు పేరు నానా నువా. నానాను. నాతోపాటు నా వెనక వరసా నానింది. పక్కనున్న ముసలమ్మగారి సంచిలో కొత్తిమీర కట్టలు కూడా నానాయి. ఆ నీళ్ళ రంగు గురించి చెప్పను, కుర్తా చూస్తే తెలుస్తుంది. ఇంతా చేసి ఒక్కరూ ఒక్కమాట అనలేదు. అందరూ నెమ్మదిగా మొహాలు తుడుచుకున్నారు. తిట్టినా బాగుండేది.

సరే, పాఠం నేర్చుకున్నాను. నేర్చుకుంటే నేను ఊరికే నేర్చుకోను. రెండు చేతులా తాడు పట్టుకుని, బావిలోంచి బిందె తోడినట్టు పట్టా టాపుదాకా లాగి, వదలకుండా పట్టుకున్నాను. ఇంకో పడవ వచ్చిందో లేదో కూడా చూడలేదు, పట్టా అడ్డంగా ఉంటే ఏం కనపడుతుంది? కాసేపటికి అవతలినుంచి ఎవరో దబదబా బాదుతున్నారు. అమ్మో, ఈసారి పెద్ద పడవే అనుకుని ఇంకో జానెడు లాగాను. బాదుడు పెరిగింది. నేనూ బిగించాను.

బాదుతున్నది కండక్టరు. వాళ్ళు పడవ బయటి అంచుమీద, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, నీళ్ళ మీద వేలాడుతూ టికెట్లు కొడతారు. అతనికి నా డబ్బులు కావాలి. పైగా పడవ రేవులో ఉంది, ఎక్కేవాళ్ళు ఎక్కడానికి నా పట్టా అడ్డం. చివరికి ముసలమ్మగారు నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తాడు తీసుకున్నారు. పట్టా జారింది. పెళ్ళిపీటల మీద అడ్డుతెర దించినట్టు అతనూ నేనూ ఎదురెదురుగా, ముక్కుకి జానెడు దూరంలో. జీలకర్ర బెల్లం ఒక్కటే తక్కువ. చేతిలో నలిగిన తడి ఇరవై బాట్ల నోటు అతని చేతిలో పెట్టాను. చిల్లరిచ్చి, తాడు వైపు చూసి, ముసలమ్మగారికేదో చెప్పాడు. తర్వాత ఆ తాడు ఆవిడ నా చేతికివ్వలేదు.

ప్రతూనామ్‌లో పడవ మారాను. మధ్యలో జిమ్ థాంప్సన్ ఇల్లు చూడాలని కూడా పట్టికలో ఉంది. థాయి పట్టుకి ప్రపంచంలో పేరు తెచ్చినాయన. ఈ కంపుతో పట్టు బట్టల మధ్యకి ఎలా వెళ్ళను? ఆయన 1967లో మలేసియాలో కామెరాన్ హైలాండ్స్‌లో నడకకని వెళ్ళి మళ్ళీ కనపడలేదు. ఆయనకీ ఎవరో తాపీగా తిరిగి రమ్మనే చెప్పుంటారు.

వాట్ సాకేత్ గుడి గుట్ట మూడొందల పైచిలుకు మెట్లూ ఎక్కేసరికి ఒళ్ళు ఆరింది, వాసన ఆరలేదు. పైన కూర్చుని ఫోన్లో ఆ కాలవ సంగతి చదివాను. మూడో రామ రాజు 1837లో తవ్వించడం మొదలుపెట్టాడట. దేనికి? వియత్నాం వాళ్ళతో యుద్ధానికి సైన్యాన్ని పంపడానికి. యుద్ధానికి తవ్విన కాలవని మావాడు 'తాపీగా' అని రాశాడు. పట్టికలో కాఫీ ఎక్కడ తాగాలో ఉంది, ఫోటో ఏ పక్కనుంచి తీసుకోవాలో ఉంది, తాడు లాగమని మాత్రం లేదు.

కుర్తా ఇప్పుడు బాత్రూమ్‌లో మూడో నీళ్ళలో నానుతోంది. వాడు ఫోన్ చేస్తున్నాడు. ఎత్తను.