సవరణ: 101 కాదు, 103, ఎఫ్ఐఆర్ తేదీ కాదు, నేరం జరిగిన తేదీ

శ్రీకాకుళం, విజయనగరం ఎల్ఎల్‌బీ విద్యార్థుల కోసం ఇచ్చిన క్రిమినల్ లా నోట్స్‌లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది చిన్నది. హత్యకు శిక్ష భారతీయ న్యాయ సంహిత (2024 జులై 1 నుంచి ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి, స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 101వ సెక్షన్ అని రాశాం. 101లో ఉన్నది నిర్వచనమే. శిక్ష 103(1)లో ఉంది. పాత ఐపీసీ అలవాటుకొద్దీ 302 అని రాస్తే ఇంకా ప్రమాదం: కొత్త చట్టంలో ఆ నంబరు మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటలది!

రెండోదే అసలు పొరపాటు. ‘2024 జులై 1 తర్వాత ఎఫ్ఐఆర్ అయితే కొత్త చట్టమే’ అన్నాం. కాదు. ఏది నేరం, ఎంత శిక్ష అన్నవి నేరం జరిగిన తేదీని బట్టి తేలతాయి. ఉదాహరణకు పలాసలో 2024 జూన్ 20న జీడిపప్పు బస్తా పోయింది, ఫిర్యాదు జులై 5న వచ్చింది అనుకుందాం. దొంగతనానికి వర్తించేది ఐపీసీ 379, కొత్త 303(2) కాదు. న్యాయ సంహిత 358వ సెక్షన్ పాత చట్టం కింద ఏర్పడిన బాధ్యతలను కాపాడుతుంది. జరిగిన నాటి చట్టం కంటే ఎక్కువ శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతుంది.

విధానం సంగతి వేరు. జులై 1 నాటికే నడుస్తున్న దర్యాప్తు, విచారణ, అప్పీలు పాత విధాన చట్టమైన సీఆర్‌పీసీ కిందే సాగుతాయి. ఇది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 531లో ఉంది. అందుకే జవాబు మొదలుపెట్టే ముందు ప్రశ్నలో తేదీలన్నీ గీత గీసుకోండి. చాలామంది ఎఫ్ఐఆర్ తేదీ దగ్గరే ఆగిపోతున్నారు, మేం ఆగినట్టే.