పోటు రాకుండా పడవ కదలదు

బెజవాడ నుంచి కాకినాడ దగ్గరి కోరంగి 200 కిలోమీటర్ల పైమాటే. మా అపార్ట్‌మెంట్ వాళ్లం 12 మందిమి తెల్లారగట్ల 4 గంటలకే బండెక్కి, ఉప్పునీళ్లలో పెరిగే మడ అడవి చూద్దామని వెళ్లాం. తీరా చేరాక పడవ కుర్రాడు చల్లగా చెప్పాడు: "పాటు మీదుందండి, నీళ్లు వెనక్కి పోయినాయి. ఇప్పుడెళ్తే బురదలో కూర్చుండిపోద్ది. పోటొచ్చి నీళ్లు మళ్లీ ఎక్కాలి." రెండు గంటలు ఆగాలట.

ఇక మావాళ్ల గోల! "మేనేజర్ ఎవరు? పిలువు" అని ఒకాయన కేకలు. మేనేజర్ ఎక్కడ సార్, అది కంపెనీ పడవ కాదుగా. అటవీశాఖతో కలిసి అక్కడి ఊళ్లవాళ్లే కమిటీగా నడుపుకునేది. కేకలు వేసినంత మాత్రాన సముద్రం ముందుకొస్తుందా? సినిమా హాల్లో పాప్‌కార్న్‌కి అడిగినంత ఇచ్చి నోరెత్తని మనిషి, ఇక్కడ టికెట్‌లో యాభై తగ్గించమని బేరం. లైఫ్ జాకెట్ వద్దట, ఫొటోలో లావుగా కనిపిస్తారట! 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయింది మన ఊరి పక్కనే కదా. అప్పుడే మర్చిపోయామా? కుర్రాడు మాత్రం జాకెట్ బకిల్ పెట్టుకునేదాకా తాడు విప్పలేదు. నాకు నచ్చింది అదే.

నీళ్లొచ్చాక కాలవలోకి వెళ్లాం. మలుపు దగ్గర ఇంజను ఆపేశాడు. తెల్లమడ చెట్టు ఆకు ఒకటి తెంపి నా చేతిలో పెట్టి "నాకి చూడండి" అన్నాడు. ఉప్పు! వేరు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకులోంచి బయటికి నెట్టేస్తుందట. ఉప్పుపొన్న అనే ఇంకో మడచెట్టు కొమ్మలకి మునక్కాడల్లా వేలాడేవి కాయలనుకున్నా. కాదు, చెట్టు మీదే మొలకెత్తిన పిల్ల మొక్కలు. పాటులో రాలితే బురదలో గుచ్చుకుంటాయి, పోటులో రాలితే తేలుకుంటూ పోయి ఎక్కడో పాతుకుంటాయి. ఇందాక మేనేజర్ని పిలవమన్న సారు సెల్ఫీకని ఓ కొమ్మ పట్టుకోబోతే, "ఆయ్, అది తిల్ల చెట్టండి, దాని పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని ఆపింది కూడా ఈ కుర్రాడే.

1978లో ఈ అడవిని అభయారణ్యం చేసి కట్టె కొట్టొద్దన్నారు, బాగానే ఉంది. మరి ఆ ఊళ్లో పొయ్యి వెలగాలి కదా? చెట్టు నిలబడితేనే నాలుగు రూపాయలొస్తాయంటే వాళ్లే కాపలా కాస్తారు. ఇదే పడవ ఏ కాంట్రాక్టరు చేతిలోనో ఉంటే మాకోసం పాటులోనే బురద చీల్చుకుంటూ తీసుకెళ్లేవాడు, పైగా డీజే పెట్టి. మావాళ్లకి కావలసింది అదే లెండి.

నిన్న మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "టైం వేస్ట్ ట్రిప్" అని పెట్టారు. నేను వచ్చే నెల మళ్లీ వెళ్తున్నా. ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి పోటు ఎన్నింటికో కనుక్కుని, అప్పుడే బెజవాడలో బండి తీస్తా. బండిలో ఇంకో మూడు సీట్లున్నాయి. స్పీకర్ తెచ్చేవాళ్లకి మాత్రం లేవు.