కారు సంగతి వదిలేయండి, క్లౌస్ ఎర్న్‌స్ట్‌ని అడగాల్సింది వేరే ఉంది

జర్మనీ వామపక్ష నాయకుడు క్లౌస్ ఎర్న్‌స్ట్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఆయన పోర్షే కారు దగ్గర మొదలుపెడతారు. కార్మిక నాయకుడికి అంత కారెందుకని. నాకు ఈ గోల ఎప్పుడూ నచ్చలేదు. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి, ఎలక్ట్రికల్ మెకానిక్ పని నేర్చుకుని, 1972లో లోహ పరిశ్రమ కార్మికుల సంఘం ఐజీ మెటల్‌లో చేరిన మనిషాయన. బాల్ బేరింగ్‌ల ఊరు ష్వైన్‌ఫుర్ట్‌లో ఏళ్ల తరబడి ఆ యూనియన్‌ని నడిపారు. 2010లో వామపక్ష పార్టీ డి లింకెకి ఇద్దరు అధ్యక్షుల్లో ఒకరయ్యాక, ఎంపీ జీతం వస్తుండగా పార్టీ దగ్గర కూడా జీతమెందుకని ఆయన్ని అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే. కారు మాత్రం ఆయనిష్టం.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది 2004 వల్ల. అప్పటివరకు దీర్ఘకాలం పని దొరకని కార్మికుడికి, పిల్లలు లేకపోతే, పాత నికర జీతంలో 53 శాతం భృతిగా వచ్చేది. అప్పటి ఛాన్సలర్ ష్రోడర్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2005 జనవరి నుంచి పశ్చిమ జర్మనీలో ఒంటరి మనిషికి ఇంటి అద్దె కాక నెలకు 345 యూరోలు, అంతే. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో అరిగిపోయినవాడికీ అదే లెక్క. ఆ ప్రభుత్వాన్ని నడిపింది ఎర్న్‌స్ట్ సొంత పార్టీ, సోషల్ డెమొక్రాట్ల ఎస్‌పీడీయే. అయినా నోరు మూసుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఉన్న పార్టీ ఆయన్ని బయటకు పంపేసింది. తోటి యూనియన్ నాయకులతో కలిసి కొత్త పార్టీ పెట్టి, 2005 ఎన్నికల్లో తూర్పు జర్మనీ వామపక్షంతో చేయి కలిపారు. 8.7 శాతం ఓట్లు, 54 సీట్లు! 2007లో రెండూ కలిసి డి లింకె అయ్యాయి. 2015లో జర్మనీకి గంటకు 8.50 యూరోల కనీస వేతనం వచ్చిందంటే, ఎడమవైపు నుంచి వచ్చిన ఆ ఒత్తిడికీ అందులో వాటా ఉందని నా నమ్మకం.

అందుకే 2023 నన్ను అంతగా బాధపెట్టింది. డి లింకె ప్రముఖ నాయకురాలు సారా వాగెన్‌క్నెహ్ట్‌తో కలిపి పదిమంది ఎంపీలు ఆ పార్టీ నుంచి బయటికొచ్చారు, ఆయనా వారిలో ఒకరు. పార్లమెంటులో పూర్తి హోదా ఉన్న పక్షంగా నిలవాలంటే 37 మంది కావాలి, మిగిలింది 28 మంది. డిసెంబర్‌లో పక్షం రద్దయింది. అందులో పనిచేసే వందమందికి పైగా సిబ్బంది ఉద్యోగాలు గాల్లో కలిశాయి. ఎంపీల సీట్లు మాత్రం ఎంపీల దగ్గరే ఉన్నాయి.

సిద్ధాంతం కోసం పార్టీ మారడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ సిబ్బంది సంగతి? ష్వైన్‌ఫుర్ట్‌లో ఏ యజమానైనా ఇలా వందమందిని రోడ్డున పడేసి ఉంటే, మర్నాడు పొద్దున్నే గేటు ముందు మైకు పట్టుకుని నిలబడేది ఆయనే కదా.