ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు

పాత టిఫిన్ హోటళ్లలో గల్లాపెట్టె వెనక, వెంకన్న పటానికీ లైసెన్సు ఫ్రేముకీ మధ్య, ఒక రేకు బోర్డు వేలాడుతూ ఉండేది: ‘ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు’. ఒక్క టీ చెప్పి ఇద్దరు మనుషులు రెండు గంటలు ప్రభుత్వాన్ని కూలగొడుతూ కూర్చుంటే టేబుల్ ఖాళీ కాదన్నది ఆ బోర్డు వెనకున్న వ్యాపార సూత్రం. ఇప్పుడు బోర్డు చాలా చోట్ల పోయింది. మనుషులు ఫోన్లు చూసుకుంటూ నోరు మెదపకుండా తింటున్నారు. కానీ ఆ నిబంధన కస్టమర్లకే గానీ ప్లేటుకు వర్తించదు. ప్లేటు పొద్దున ఆరింటికి మొదలుపెడితే షట్టర్ దించేదాకా రాజకీయాలే మాట్లాడుతుంది. వినే ఓపిక మనకు లేదంతే.

ముందు సిలిండర్ సంగతి. ఇంటి సిలిండర్ 14.2 కిలోలు, 5 శాతం జీఎస్టీ. హోటల్ సిలిండర్ 19 కిలోలు, 18 శాతం జీఎస్టీ. ఇంటిదానికి ఓటు హక్కు ఉంది కాబట్టి దాని బాగోగులు అందరూ చూస్తారు. 2023లో రాఖీ కానుకగా 200 తగ్గింది, 2024లో మహిళా దినోత్సవ కానుకగా మరో 100. తెలంగాణలో అర్హులకు 500కే అన్నారు, ఆంధ్రాలో ఏడాదికి మూడు ఉచితం అన్నారు. హోటల్ సిలిండర్‌కు అన్నదమ్ములు లేరు, రాఖీ కట్టేవాళ్లు లేరు. నెల నెలా ఒకటో తారీఖున దాని జాతకం మారుతుంది. పెరిగిన నెల దోసె రేటు పెరుగుతుంది. తగ్గిన నెల తగ్గదు, ఎందుకంటే మెనూ బోర్డు మీద అంకె చెరిపి మళ్లీ రాయడానికి పెయింటర్ కూలి ఉంటుంది కదా.

పన్నుదీ ఇదే వరస. 2017 నవంబరు 15న హోటళ్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. అంతకుముందు ఏసీ హోటల్లో 18, ఏసీ లేనిచోట 12. జనం పండగ చేసుకున్నారు. అదే రోజు ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. అంటే సిలిండర్ మీద, అద్దె మీద, ప్యాకింగ్ డబ్బాల మీద కట్టిన పన్ను ఇక హోటల్‌వాడికి తిరిగి రాదు. మర్నాడు చాలాచోట్ల ఇడ్లీ అసలు రేటు సరిగ్గా ఆ తేడా మేరకు లేచి కూర్చుంది. పన్ను తగ్గింది, బిల్లు తగ్గలేదు. ఇంకో చిక్కు: కాంపొజిషన్ స్కీములో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తనే కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటల్ కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, తాను ఆ స్కీములో ఉన్నానని బోర్డు మీద రాసి పెట్టాలి కూడా. ఆ బోర్డు ఫ్రిజ్ వెనకాల ఉంటుంది. కింద బిల్లులో జీఎస్టీ ఉంటుంది. రెండూ ఒకేసారి చూసినవాడు ఇంతవరకు లేడు.

ఇవన్నీ చివరికి తేలేది పల్లీ చట్నీలో. ఆర్థిక సర్వే చదవడం రానివాళ్లు చట్నీ చూస్తే చాలు. కిలో పల్లీలకు పావు కిలో పుట్నాలపప్పు పడితే దేశం ప్రశాంతంగా ఉన్నట్టు. సగానికి సగం పడితే ఎక్కడో ఏదో సుంకం పెరిగినట్టు. పుట్నాలు మాత్రమే ఉండి, పల్లీలు గోడ మీద బొమ్మలో ఉంటే, ఇక ఎన్నికలు అయిపోయాయని అర్థం. అసలు చట్నీ పోసినచోట పోసినట్టు కుదురుగా నిలబడుతుంది. నీళ్ల చట్నీ ఇడ్లీ చుట్టూ ప్రదక్షిణ చేసి, మనం రెండో ఇడ్లీకి వచ్చేసరికి అంచున తేటనీరుగా విడిపోతుంది. పోపులో ఆవాలు దాని మీద పడవల్లా తేలుతుంటాయి. పుట్నాలకు ఇంకో గుణముంది, నిలవున్నకొద్దీ బిగుస్తుంది. అందుకని ఎనిమిదింటికి బకెట్లో ఒక చెంబు నీళ్లు పోస్తారు, తొమ్మిదిన్నరకు ఇంకో చెంబు. ఉప్పు మాత్రం ఆరింటికి వేసిందే. పదింటికి వెళ్లిన కస్టమర్ ‘చప్పగా ఉందేంటి’ అంటే సర్వర్ ‘బీపీకి మంచిది సార్’ అంటాడు. ఆరోగ్య విధానం అలా పుట్టింది.

పూరీకి విదేశాంగ శాఖ కావాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ఉలిక్కిపడింది, మనకు ఆ నూనె ఎక్కువగా అటునుంచే వచ్చేది మరి. సరే పామాయిల్ ఉంది కదా అనుకునేలోపు ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది, మే 23 దాకా. సెట్ పూరీలో మూడోది మాయమైంది ఆ రోజుల్లోనే. 2024 సెప్టెంబరులో మన రైతు కోసమని ముడి నూనెల దిగుమతి మీద సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి ఎక్కింది. 2025 మే చివర్లో వినియోగదారుడి కోసమని 16.5కి దిగింది. రైతు, వినియోగదారుడు ఒకే మనిషైన ఇళ్లలో ఎప్పుడు సంతోషించాలో ఎవరూ చెప్పలేదు. ఈ గొడవలో హోటల్‌వాడు చేసే తప్పు ఒకటుంది. గ్యాస్ మిగల్చాలని మంట తగ్గిస్తాడు. నూనె సరిగా కాగకపోతే పూరీ పొంగదు, పొంగని పూరీ నూనె తాగుతుంది. గ్యాస్ దగ్గర రూపాయి మిగిల్చి నూనె దగ్గర రెండు పోగొట్టుకుని, ఆ నష్టాన్ని చట్నీలో రాబట్టుకుంటాడు.

ఇప్పుడు అసలైన విషాదానికి వద్దాం: కొర్రలు. తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, సజ్జ సంగటి, కొర్రన్నం తిన్న తాతలకు వరి అన్నం పండగ వంట. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. పేదవాడి కంచంలో తెల్లన్నం పడింది, అది చిన్న సంగతి కాదు. దాంతో పాటు కొర్రలు, సామలు ఊళ్లోంచి పోయి పక్షుల దుకాణాల్లో తేలాయి. నలభై ఏళ్లకు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏటి కేంద్ర బడ్జెట్ వాటికి ‘శ్రీఅన్న’ అని గౌరవ వాచకం తగిలించింది. గౌరవంతో పాటు రేటూ పెరిగింది. తాత సిగ్గుపడి దాచుకు తిన్న కొర్రన్నాన్ని మనవడు ఇప్పుడు ఫొటో తీసి తింటున్నాడు. పన్నులవాళ్లకూ దీని మీద శ్రద్ధ కలిగింది. బరువులో 70 శాతం చిరుధాన్యాలున్న పిండిని విడిగా కొంటే పన్ను లేదు, ప్యాకెట్లో పోసి పేరు అంటిస్తే 5 శాతం. కొర్రల మీద కాదు, పేరు మీద పన్ను.

హోటల్లో ‘మిల్లెట్ దోసె’ అని బోర్డు పడ్డాక జరిగేది చాలాచోట్ల ఇదీ: మామూలు దోసెపిండి బకెట్లో రెండు గరిటెల రాగిపిండి. రంగు మారుతుంది, రేటు మారుతుంది, మిగతాదంతా పాత బియ్యమే. ఇడ్లీకీ ఇదే లెక్క. ఇంట్లో గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. మినప్పప్పు ధర ఎక్కితే హోటల్లో రవ్వ మూడుకు, మూడున్నరకు పోతుంది. ఇడ్లీ గట్టిపడుతుంది. మెత్తబడటానికి సోడా వేస్తారు. సోడా ఎక్కువైతే ఇడ్లీ లేత పసుపుకు తిరిగి, నాలుక మీద సబ్బులా జారుతుంది. ఆ పసుపు కనపడకుండా రాగిపిండి కలిపితే అది మిల్లెట్ ఇడ్లీ. ఒక తప్పు ఇంకో తప్పును కప్పుతూ చివరికి ఆరోగ్యంగా తేలడం మన వంటల్లోనే సాధ్యం.

ఇంట్లో పరిస్థితి ఇంకా గడ్డు. పొయ్యి ఒకటి, మేనిఫెస్టోలు నాలుగు. మామగారిది కొర్రల పార్టీ, వాట్సాప్‌లో సభ్యత్వం తీసుకున్నారు. అంతకుముందు ఆయన రోజుకు 70 గ్రాముల కొబ్బరి నూనె తాగే పార్టీలో ఉండేవారు, ఇంకా రెండు డబ్బాలు అటక మీద ఉన్నాయి. కోడలిది పదహారు గంటల ఉపవాసం, మధ్యాహ్నం పన్నెండు దాకా పచ్చి మంచినీళ్లు. ‘ఉపవాసమా? ఏకాదశి ఎల్లుండి కదమ్మా’ అని అత్తగారు క్యాలెండర్ తిప్పుతారు. మనవడిది ప్రోటీన్. ఆరు గుడ్లు ఉడకబెట్టి పచ్చసొన తీసి పక్కన పెడతాడు, ఆ పచ్చసొనలు ఎవరు తినాలన్నది ఆ ఇంట్లో పెండింగ్ ఫైలు. ‘నానమ్మా, పెసరట్టులో ప్రోటీన్ ఎంత?’ అంటే ‘పెసలు ఎన్ని పోస్తే అంత’ అంటుందావిడ. నిజానికి వంద గ్రాముల పెసల్లో 24 గ్రాముల దాకా ఉంటుంది. కానీ డబ్బాలో రాదు, మీద కండలు తిరిగినవాడి బొమ్మ లేదు, నమ్మడమెలా?

కొర్రలు ఆరేడు గంటలు నానాలి, ఒకటికి రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్లు పడాలి. పొద్దున గుర్తొచ్చి గంట నానబెట్టి వండితే గింజ నడుమ పలుకు మిగిలి, మధ్యాహ్నం దాకా కడుపులో సమావేశాలు జరుగుతాయి. చల్లారితే పొడిపొడిగా విడిపోతుంది, అందుకే ఒంటిగంటకు డబ్బా తెరిచిన మామగారికి పప్పులో ఇసుక కలుపుకున్నట్టుంటుంది. పెరుగు పోసుకుంటే దిగుతుంది. కానీ ఆయన పార్టీలో పాలు, పెరుగు నిషేధం.

ఆదివారం మనవడికి మండీ కావాలి. యెమెన్ నుంచి హైదరాబాద్ పాతబస్తీ పక్కనున్న బార్కస్‌కు, బార్కస్ నుంచి ప్రతి జిల్లా కేంద్రానికి వచ్చిన ఈ పెద్ద పళ్లెంతో పాటు తెల్లటి మయోనైజ్ వస్తుంది. పచ్చిగుడ్డు గిలకొట్టి మధ్యాహ్నం చేసి, బయటే ఉంచి, రాత్రి పదకొండుకు వడ్డిస్తే అందులో పెరిగేది రుచి కాదు, క్రిములు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది నిషేధించింది. నిషేధించింది పచ్చిగుడ్డును, బయట వదిలేసే అలవాటును కాదు. చాలాచోట్ల గుడ్డు లేని మయోనైజ్ అదే గిన్నెలో అదే ఎండకు కూర్చుంది.

పండగలు కూడా గజెట్ చూసుకుని రావాల్సిన రోజులు. 2025లో దసరా అక్టోబరు 2న పడింది. తెలంగాణ ఇంట్లో దసరా అంటే మటన్, గాంధీ జయంతి అంటే మాంసం దుకాణాలు బంద్. ముందురోజు క్యూలు కట్టి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు, ఐస్‌క్రీమ్ డబ్బా బయటికి పోయింది, పిల్లలు గాంధీగారి మీద మొదటిసారి నిరసన తెలిపారు.

ఇక 2024 సెప్టెంబరులో కోయంబత్తూరు హోటల్ యజమాని ఒకాయన కేంద్ర ఆర్థిక మంత్రి ఎదుటే నిలబడి, బన్నుకు పన్ను లేదు, లోపల క్రీమ్ పెడితే 18 శాతం, కస్టమర్లు ‘రెండూ విడిగా ఇవ్వండి, మేమే పూసుకుంటాం’ అంటున్నారని చెప్పాడు. సభ నవ్వింది. తర్వాత ఆయన మంత్రికి క్షమాపణ చెబుతున్న వీడియో బయటికొచ్చింది. గల్లాపెట్టె వెనక బోర్డు కస్టమర్ల కోసం పెట్టారనుకున్నాం ఇన్నాళ్లూ.

ఒక రాత్రి మన మామగారు, అత్తగారు, కోడలు, మనవడు హోటల్లో ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. సర్వర్ తడిగుడ్డతో బల్ల తుడుస్తూ అడుగుతాడు: ‘సాంబార్ ఇడ్లీ ముంచి తేనా సార్, విడిగా తేనా?’ మామగారు జేబులోంచి కళ్లజోడు తీసి, మెనూ కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదవడం మొదలుపెడతారు.