చౌరస్తా ఫ్లెక్సీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి,

కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని ఊరందరికీ దర్శనమిస్తున్న తమరికి నమస్కారాలు.

"వాటినెవడు చూస్తాడండీ!" అంటుంటారు జనం. తమరికి కావాల్సిందీ అదే కదా. చూసినవాడైతే ఈయనెవరు, ఏం చేశాడు, డబ్బులెక్కడివి అని అడుగుతాడు. చూడకుండా బండి మీద వెళ్లిపోయేవాడితో ఏ పేచీ లేదు.

ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫోటోలైనా పదేపదే కనిపిస్తే నచ్చడం మొదలవుతుందని అమెరికాలో మనస్తత్వవేత్త రాబర్ట్ జైయన్స్ 1968లోనే చూపించాడు. 1980లో ఇంకో ప్రయోగంలో వంకరటింకర బొమ్మల్ని సెకనులో వెయ్యో వంతు సేపే చూపించారు. ఏవి ముందు చూశారో జనం చెప్పలేకపోయారు. ఏవి బాగున్నాయంటే మాత్రం ఎక్కువగా వాటినే ఎంచుకున్నారు. వెయ్యో వంతుకే అంత పని జరిగితే, పండగకు కట్టి గాలికి చిరిగేదాకా వేలాడే తమరి సంగతేమిటి!

తమరి అసలు తెలివి ఎవరి పక్కన ఎవరుండాలన్న దాంట్లో ఉంది. పైన దేవుడు, కింద పెద్ద నాయకుడు, నడుమ చెవి దగ్గర సెల్‌ఫోనుతో కూలింగ్ గ్లాసుల అన్న, అడుగున గుండ్రటి ఫోటోల్లో తమ్ముళ్లు. దేవుడి మీది భక్తి మెల్లగా జారి అన్న భుజాల మీద పడుతుంది, పైసా ఖర్చులేని శాలువాలా.

కొన్నాళ్లకు తమరు ఏ ధాన్యం బస్తాల మీదో పట్టా అయిపోతారు. మాకు మొహం గుర్తుంటుంది, ఎక్కడ చూశామో పోతుంది. "ఆయనా? మనకు తెలిసినాయనే" అంటాం. 1989లో లారీ జాకోబీ బృందం ఇలాంటిదే చూపించింది: ఒకరోజు చదివిన అనామకుల పేర్లు మర్నాటికి ప్రముఖుల పేర్లలా అనిపించాయి. మధ్యలో ఒక్క రాత్రి చాలింది.

కోడ్ రాగానే ఎన్నికల సంఘం తమర్ని పీకిస్తుంది, పాపం. 2012లో ఉత్తరప్రదేశ్‌లో ఓ పార్టీ గుర్తు కాబట్టి ఏనుగు విగ్రహాలకూ ముసుగులు వేయించారు. ఏనుగంత మూటలో ఏముందో తెలియడానికి చదువక్కర్లేదు.

ఆపైన, ఒకే పేరున్నవాళ్లతో గందరగోళం రాకూడదని 2015 నుంచి ఈవీఎం మీద అభ్యర్థి ఫోటో కూడా పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ అట్ట చాటున ఒంటరిగా నిలబడ్డ మాకు, కూలింగ్ గ్లాసులు తీసేసి, స్టాంపంత సైజులో అన్నే ఎదురవుతాడు. మిగతావాళ్లెవరో మాకు తెలియదాయె.

అన్నట్టు, వచ్చే వారం పక్క వార్డు అన్న పుట్టినరోజట. ఆయన ఫ్లెక్సీని తమరి మీదే కట్టేట్టున్నారు, కాస్త సర్దుకోండి.

ఇట్లు,
తమర్ని ఎప్పుడూ చూడని
ఈ వార్డు ఓటరు