ఛాంపియన్‌ని చితక్కొడితేనే బెల్టంట, రూలంట!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా బావమరిది ఓ రీల్ పడేశాడు. 2017 గోలోవ్కిన్–కనేలో బాక్సింగ్ ఫైటు. పన్నెండు రౌండ్లనీ అర నిమిషానికి కోసి, వెనక బీజీఎం తగిలించిన సరుకు. కింద జ్ఞానబోధ: "డ్రా కరెక్టే బావా. ఛాంపియన్ దగ్గర బెల్టు లాక్కోవాలంటే చితక్కొట్టాలి, రూలు అది." దానికి మా పెద్దమామయ్య నమస్కారం ఎమోజీ. ఆయన దేనికైనా నమస్కారమే పెడతాడు, వదిలేయండి.

ఏ రూలు? ఎక్కడుంది? రింగుకి మూడు వైపులా ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. రౌండు అయిన వెంటనే ఎవరి స్లిప్పు వాళ్లు రాసిచ్చేస్తారు. గెలిచినోడికి పది, ఓడినోడికి తొమ్మిది, కింద పడ్డాడంటే మామూలుగా ఎనిమిది. మళ్లీ బెల్లు కొడితే కొత్త లెక్క. నడుముకి బెల్టున్నోడికి అర మార్కు ఎక్కువ వెయ్యమని ఆ స్లిప్పులో గడేమీ ఉండదు.

సరే, నీ రూలే ఒప్పుకుందాం. ఆ రోజు బెల్టులున్నది ఎవరి దగ్గర్రా? డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్ అనే బాక్సింగ్ సంస్థలిచ్చే బెల్టులు మూడూ గోలోవ్కిన్ దగ్గరే! లాక్కోవడానికొచ్చినోడు కనేలో. చితక్కొట్టాడా మరి? గోలోవ్కిన్ జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) మీద జాబ్ వేసుకుంటూ మీదికొస్తుంటే, ఈయన తాళ్లకి వీపు ఆనించి "అబ్బే, తగల్లేదు" అన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. తగలనోడికి తల ఊపాల్సిన పనేముంది బాబూ? గుద్దులు లెక్కపెట్టే కంప్యూబాక్స్ లెక్కలో గోలోవ్కిన్ తగిలించినవి 218, కనేలోవి 169. ఇదంతా ఎదురుగా కూర్చుని చూసిన జడ్జి అడలెయిడ్ బైర్డ్ గారు 118-110 ఇచ్చారు. కనేలోకి! పన్నెండులో పది రౌండ్లు అతనివేనంట! పేపరు దిద్దకుండా పేరు చూసి మార్కులేసే పంతుల్లాగా. మిగతా ఇద్దరు జడ్జీల్లో మొరెట్టి 115-113 గోలోవ్కిన్‌కి, ట్రెల్లా 114-114. అలా డ్రా. 37కి 37 గెలిచొచ్చినోడి రికార్డుకి మచ్చ.

మరుసటి ఏడాది మేలో రీమ్యాచ్ అన్నారు. క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు టెస్టులో కనేలో దొరికాడు. తిన్న మాంసం వల్లనంట, పాపం. ఆరు నెలల నిషేధం అయ్యాక సెప్టెంబర్‌లో మళ్లీ వేగాస్. ఈసారి 115-113, 115-113, 114-114, బెల్టులు కనేలోకి. రెండు పాయింట్ల తేడాతో! చితక్కొట్టాలన్న రూలు ఆ రోజు సెలవు పెట్టిందా బావమరిదీ?

అసలు నాకు మండేది గోలోవ్కిన్ గురించి కూడా కాదు. 2019లో నిఖత్ జరీన్ విషయంలో ఇదే నోటితో వీడేమన్నాడో నాకు గుర్తుంది. "మేరీ కోమ్ అంతటావిడని ట్రయల్‌కి రమ్మంటదా, ఎంత పొగరు!" ఒలింపిక్ క్వాలిఫయర్‌కి పంపే ముందు ఒక్క బౌటు పెట్టండి అని ఆ నిజామాబాద్ పిల్ల కేంద్ర క్రీడా మంత్రికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. ఒక్క బౌటు కోసం! పెట్టారు, 9-1తో ఓడింది. ఓడనీ. అడిగింది బౌటేగా, టికెట్టు కాదుగా. అయ్యాక మేరీ చెయ్యి కూడా కలపలేదు. దానికీ మా గ్రూపులో "లెజెండ్ కదా" అని వెనకేసుకురావడం.

2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ 5-0తో ప్రపంచ ఛాంపియన్ అయ్యేసరికి అదే మనిషి స్టేటస్‌లో "మన తెలంగాణ బిడ్డ", వెనక జెండా. 2023లో ఢిల్లీలో ఇంకోసారి గెలిచింది, ఇంకో స్టేటస్. మరి ఛాంపియన్ అంటే ఉండే ఆ మర్యాద పారిస్ ఒలింపిక్స్‌లో ఏ గంగలో కలిసింది? రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్‌కి సీడింగే (బలమైనోళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేదు. రెండో బౌటుకే టాప్ సీడ్, చైనా వూ యూ ఎదురు. 5-0తో ఓడిపోయింది.

ఆ రోజు మావాడు గ్రూపులో పెట్టిన మెసేజ్ ఏంటో తెలుసా? "ఓవర్ కాన్ఫిడెన్స్ బావా." ఎవరికి ఎవరు ఎదురుపడాలో తేల్చే డ్రా ఎలా పడిందో కూడా చూడకుండా!