ఏవోబీ (ఆంధ్రా-ఒడిశా సరిహద్దు) అంటే గంజాయి ఒక్కటేనా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలు 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లిపోయాయి. అక్కడి తెలుగిళ్లలో టీవీ మాత్రం ఇంకా హైదరాబాద్‌దే. ఎక్కడో కూకట్‌పల్లిలో దొంగలు పడితే ఆ సీసీ కెమెరా దృశ్యాన్ని పడుకునేలోపు పదిసార్లు చూసి, ఇక్కడ తలుపు గడియ మళ్లీ సరిచూసుకుంటారు. టీవీలో హింస ఎక్కువగా చూసేవాళ్లకు లోకం ఉన్నదానికంటే ప్రమాదకరంగా కనిపిస్తుందని అమెరికాలో మీడియా పరిశోధకుడు జార్జ్ గెర్బ్నర్ 1970ల్లోనే చెప్పాడు. ఇక్కడైతే ఆ భయం కూడా వేరే రాష్ట్రం నుంచే వస్తోంది.

అదే చానళ్లకు ఈ ఊళ్లు గుర్తొచ్చేది మావోయిస్టుల వార్తకో, గంజాయి వార్తకో. గంజాయి వార్తయితే ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. బల్ల మీద ప్యాకెట్లు, వెనక ముసుగులేసిన నలుగురు, మధ్యలో పోలీసు అధికారి. ఆ నలుగురూ చాలాసార్లు కూలి డబ్బుకు సరుకు మోసినవాళ్లే. పెట్టుబడి పెట్టినవాడూ, పట్నంలో కొనేవాడూ ఆ ఫొటోలో ఉండరు. పట్టుబడిన సరుకు పెరిగిందంటే సాగు పెరిగినట్టా, తనిఖీలు పెరిగినట్టా? అడిగే రిపోర్టరు అరుదు. 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద అది వాణిజ్య పరిమాణం. బెయిల్ గగనం, నేరం రుజువైతే కనీసం 10 ఏళ్లు. ఏళ్ల తర్వాత కోర్టు కేసు కొట్టేస్తే మాత్రం ఆ సంగతి ఏ బులెటిన్‌లోనూ రాదు. పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు తయారు చేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖకు చెప్పింది. బల్లా ప్యాకెట్ల దృశ్యం అయితే తగ్గినట్టు లేదు.

దీని ఫలితం మామూలు జనం మీద పడుతుంది. ఒడిశా నంబరు బండి కనిపిస్తే చాలు, డిక్కీలో ఏముందోనన్న అనుమానం ముందు పుడుతుంది. వైజాగ్ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లేవాళ్లకూ ఆ చూపు తప్పదు.

ఇక చిల్లంగి (చేతబడి) నెపంతో జరిగే హత్యలు. రాయగడ, గజపతి జిల్లాల్లో ఇది ఇంకా పోని నేరం. దీని కోసమే ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేసింది. ఆ కొండ ఊళ్లలో సీసీ కెమెరా ఉండదు, ప్రెస్‌మీట్‌లో బల్ల మీద పేర్చడానికి సరుకూ ఉండదు. అందుకే లోపలి పేజీలో నాలుగు లైన్లు, అదీ ఒడియా పత్రికలో. చిల్లంగి మాట వెనక కొన్నిసార్లు భూమి తగాదా ఉంటుంది. దాన్ని బయటికి తీయాలంటే రిపోర్టరు కొండెక్కి రెండ్రోజులు ఉండాలి. అంత టైం ఏ డెస్కూ ఇవ్వదు.